ఒక తల ఎక్కువ

మెట్ల కింద కొట్టుగది ఏ ఇంట్లోనైనా ఒకేలా ఉంటుంది. కాలు విరిగిన కుర్చీ, మూతలు దొరకని డబ్బాలు, బాగుచేయిద్దామని పెట్టి మరిచిపోయిన ఫ్యాను, ఎవరికీ సరిపోని చెప్పుల జత. కండక్టరమ్మ ఇంట్లోదీ అంతే. కిటికీ లేదు. మూడు పక్కల గోడలు, నాలుగో పక్క తలుపు, నెత్తిన ఏటవాలుగా మెట్లు. తలుపు తీస్తే ముందు పాత కాగితాల వాసన, దాని అడుగున తడి సున్నం వాసన. మధ్యాహ్నాలు చల్లగా ఉంటుందని అందులో పడుకునే అత్తగారు తప్ప, పన్నెండేళ్ళుగా ఆ గదిని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడు ఇంట్లో గొడవంతా దాని గురించే.

ఆమె సిటీ బస్సులో కండక్టరు. పందొమ్మిదేళ్ళ సర్వీసు. వీధంతా ఆమెను కండక్టరమ్మ అనే పిలుస్తుంది. కట్టుకున్నవాడు కూడా కోపమొస్తే "కండక్టరమ్మగారూ" అంటాడు. ఆయన చేతనైన తిరుగుబాటు అంతవరకే. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఒక్క చూపు విసిరితే చాలు, బస్సులో ఎన్ని తలలున్నాయో ఆమెకి తెలిసిపోతుంది. తలల్నీ టికెట్లనీ కలిపి చూడటమే ఆమె బతుకు. తేడా వస్తే బస్సు కదలదు. ఎంత పెద్దమనిషైనా సరే, లేచి నిలబడి జేబులు తడుముకోవాల్సిందే. ఇన్నేళ్ళలో ఆమె లెక్క తేడా వచ్చింది ఒక్కసారే. అది జరిగి ఇంకా రెండు వారాలు కాలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

కొట్టుగది గొడవకి కారణం ఎదురింటి టైపిస్టు. పట్టపగలు ఇద్దరు మనుషులు లోపలికొచ్చి, ఆమెను కుర్చీకి కట్టేసి, ఇల్లు ఊడ్చుకుపోయారు. పక్క వాటావాళ్ళు ఆ సమయంలో టీవీ చూస్తూనే ఉన్నారు. అప్పట్నుంచీ కండక్టరమ్మ భర్తకి కంటిమీద కునుకు లేదు. ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. తెల్లవారుజామున భార్య డ్యూటీకి పోతే, తొమ్మిదింటికి ఆయన షాపుకి పోతాడు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆమె తిరిగొచ్చేదాకా ఇంట్లో ఆయన తల్లి ఒక్కతే. మోకాళ్ళు వంగవు, రెండు కళ్ళలోనూ పొర. ఆపరేషన్ మాటెత్తితే "మసగ్గా ఉంటేనే నయం, మీరంతా అందంగా కనిపిస్తున్నారు" అంటుంది.

"రేపు అమ్మని కుర్చీకి కట్టేస్తే?" అన్నాడు భర్త.

"నోరు కూడా కట్టేస్తారా? లేకపోతే పాపం వాళ్ళే పారిపోతారు."

"నీకన్నీ వేళాకోళాలే. కొట్టుగదికి ఉక్కు తలుపు పెట్టిద్దాం. లోపలి గడియ. ఏ చప్పుడైనా వినపడితే అమ్మ అందులోకి పోయి గడియేసుకుంటుంది. పోలీసులొచ్చేదాకా ఎవ్వడూ తీయలేడు."

"ఎవ్వడూ తీయలేని గదిలో మీ అమ్మ కళ్ళు తిరిగి పడిపోతే, అప్పుడు తీసేదెవరు?"

అయినా శుక్రవారం మధ్యాహ్నం తలుపులాయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

తలుపులాయన రక్షణ గదులు కట్టే మనిషి. నలభై దాటినవాడు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. షాపుకి కళ్ళజోడు కోసం వచ్చి పరిచయమయ్యాడట. అదొక్కటి చాలు కండక్టరమ్మకి, ఇద్దరూ ఏదో మాట్లాడేసుకున్నారని తేల్చుకోవడానికి. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఆయన టేపు విప్పుతూ, "ఇద్దరూ కొంచెం పక్కకి జరగండమ్మా" అన్నాడు.

ఆమె వెనక్కి చూసింది. ఎవరూ లేరు. భర్త తలుపులాయన పక్కన ఉన్నాడు, అత్తగారు ఎక్కడో హాల్లో ఉంది. కళ్ళజోడు సరిగ్గా కుదరలేదు కాబోలు అనుకుని జరిగింది.

కొలతలయ్యాక ఆయన సంచిలోంచి ఒక తెల్ల పెట్టె తీశాడు. టికెట్ మిషనంత ఉంది. పక్కనుంచి సన్నటి రబ్బరు గొట్టం, ముందునుంచి కాగితం చుట్ట, అంకె కనిపించడానికి చిన్న ఎర్ర లైటు.

"ఇది ఊపిరి లెక్కమ్మా. మూసిన గదిలో గాలి ఎంత తొందరగా పాడవుతుందో చూసి, లోపల ఎందరు ఊపిరి పీలుస్తున్నారో అంకె కొడుతుంది. ఐదు నిమిషాలకొక అంకె. దాన్నిబట్టే గాలిగొట్టం ఎంత లావు పెట్టాలో లెక్కేస్తాం. ఇంట్లోవాళ్ళతో పరీక్ష చేయందే నేను తలుపు కోయించను."

ముందుగా ఆయన, భర్త, అత్తగారు లోపలికెళ్ళారు. తలుపు సందుల్లో తడిగుడ్డ కుక్కారు. కండక్టరమ్మ మిషన్‌ని బయట స్టూలు మీద పెట్టి, ఈలోగా వీధి చివరి షాపుకెళ్ళింది. ఐదు నిమిషాలకి మిషన్ కీచుమంది. కాగితం మీద అంకె పడింది. నాలుగు.

ఇంకో ఐదు నిమిషాలు. మళ్ళీ నాలుగు.

ఆమె తిరిగొచ్చి అంకెలు చూసి, తలుపు తెరిచి, కాగితం చింపి ఆయన ముఖం ముందు పెట్టింది. "లోపలున్నది ముగ్గురు. మీ మిషన్ కొట్టింది నాలుగు. లావు గొట్టం అంటగట్టడానికి ఇదొక ఎత్తా? నేను రోజూ ఇలాంటివాళ్ళని ఎంతమందిని బస్సు దింపుతానో తెలుసా?"

తలుపులాయనకి చెమట పట్టింది. "మీరూ రండమ్మా, మళ్ళీ చూద్దాం" అన్నాడు. ఈసారి నలుగురూ లోపల కూర్చున్నారు. మిషన్‌ని కూడా లోపలే పెట్టుకున్నారు. కీచుమంది. నాలుగు. నలుగురికి నాలుగు.

"చూశారా? చెకింగ్ ఎక్కగానే లెక్క సరిపోయింది" అంది ఆమె. భర్త నేల చూశాడు. అత్తగారు మాత్రం చీకట్లో నవ్వి, "నువ్వుంటే ఎవరైనా ఊపిరి బిగబట్టాల్సిందేలేవే" అంది.

తలుపులాయన ఒక నమూనా గడియ లోపలివైపు బిగించి చూపించాడు. వేలెడు మందం ఉక్కు. దాన్ని తోస్తే ఠక్‌మని ఒక చప్పుడొచ్చింది. పొడిగా, ఇక మాట్లాడేదేం లేదన్నట్టు. "గడియా మిషనూ రేపు సాయంత్రందాకా ఇక్కడే ఉంచుతాను. తలుపు మూసి, గొట్టం కిందనుంచి లోపలికి పెట్టి వదిలేయండి. ఖాళీ గదిలో సున్నా రావాలి. సున్నా వస్తే మిషన్ మంచిదే. రేపు ఏడింటికి ఫోన్ చేసి అవునో కాదో చెప్పండి. ఆ తర్వాత ఉక్కు కోతకి వెళ్ళిపోతుంది."

*

శనివారం ఒంటిగంట నలభైకి ఆమె డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. సంచి భుజాన ఉండగానే స్టూలు మీది మిషన్ దగ్గరికెళ్ళింది. కాగితం చుట్ట నేలదాకా వేలాడుతోంది.

అన్నీ ఒకట్లే. ఉదయం తొమ్మిదికి భర్త దాన్ని పెట్టి వెళ్ళినప్పట్నుంచీ వరసగా ఒకటి, ఒకటి, ఒకటి. ఆమె చూస్తుండగా మిషన్ కీచుమని ఇంకో అంకె కొట్టింది.

సున్నా.

"ఓహో" అంది ఆమె. నేనొచ్చానని దీనికెవరు చెప్పారబ్బా!

"అత్తయ్యా, పొద్దున గదిలోకెవరైనా వెళ్ళారా?"

"ఎవరెళ్తారే? నేను ఈ కుర్చీలోంచి లేవలేదు." ఆవిడ తల ఎత్తి కళ్ళు చికిలించింది. "ఏమే, నీతో ఎవరొచ్చారు?"

"నా నీడ."

"నిలబెట్టే మాట్లాడతావేం, కూర్చోమనరాదూ."

పదిరోజులుగా ఇదే వరస. డ్యూటీ నుంచి రాగానే "నీతో ఎవరే?" పొర ముదిరిందని కండక్టరమ్మ అనుకుంటోంది. సోమవారం బలవంతంగానైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

మిషన్‌ని ఆమె వదల్లేదు. బస్సులో ఆమె చేతిలో ట్రిప్ షీటుంటుంది, ఏ స్టాపు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో అందులో రాస్తుంది. ఆ అలవాటుతోనే పాత షీటు వెనక రాయడం మొదలుపెట్టింది. రెండూ పదికి బట్టలారేయడానికి మేడెక్కింది. రెండున్నరకి దిగింది. కాగితం చూసింది. ఆమె మేడ మీదున్నంతసేపూ ఒకట్లు. దిగాక సున్నా. మూడింటికి వీధి చివరి షాపుకెళ్ళింది. ఒకటి, ఒకటి, ఒకటి. తిరిగొచ్చింది. సున్నా. నాలుగింటికి చెప్పులు విప్పి, పిల్లిలా నడిచి, తలుపుకి చెవి ఆనించి పావుగంట నిలబడింది. పావుగంటా సున్నాలే.

గదిలో ఏదో ఉంది. అది ఊపిరి పీలుస్తోంది. ఆమె దగ్గరికొస్తే ఆపేస్తోంది.

లేదు. మొగుడే ఏదో చేశాడు. షాపులో కూర్చుని ఫోన్లోంచి అంకెలు మార్చేస్తున్నాడేమో, ఈ రోజుల్లో ఏదైనా సాధ్యమే. మిషన్‌ని తిరగేసింది, అడుగు చూసింది. వైరు లేదు. రెండు బ్యాటరీలు. గొట్టం నోటికి పెట్టుకుని ఊదింది. మిషన్ పిచ్చెత్తినట్టు కీచుమంది. అంటే బాగానే పనిచేస్తోంది.

"అత్తయ్యా, మధ్యాహ్నాలు మీరు ఈ గదిలో చల్లగా ఉంటుందని పడుకుంటారే... ఎప్పుడైనా ఏమైనా వినిపించిందా?"

అత్తగారు పమిట సర్దుకుంది.

"చెబితే తిడతావు."

"తిట్టనులెండి."

"ఉంటుందే ఒకటి. ఆ ఫ్యాను వెనకాల. మనం ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఉంది. పిల్లదో పెద్దదో తెలీదు. ఏమీ చేయదు పాపం, పక్కన పడుకుంటుంది. ఇప్పుడు నువ్వడిగావు కాబట్టి చెబుతున్నా. పదిరోజులుగా అది వణికిపోతోంది."

ఇంకో రోజైతే కండక్టరమ్మ నవ్వి ఉండేది. ముసలావిడకి మతి కూడా మసకేసిందని మొగుడికి చెప్పి ఉండేది. ఈరోజు చేతిలో మూరెడు కాగితం ఉంది. దాని మీద సున్నాలున్నాయి.

ఆరింటికి భర్త వచ్చాడు. ఆయన చెప్పులు విప్పేలోపే ఆమె కొట్టుగదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. "నేను పిలిచేదాకా ఎవరూ రాకండి" అంది లోపల్నుంచి.

చీకటి. వేళ్ళు కళ్ళ ముందు ఆడించుకున్నా కనిపించనంత చీకటి. ముందు కాగితాల వాసన. తర్వాత సున్నం. దాని వెనక ఇంకేదో... వానలో తడిసి బస్సెక్కినవాళ్ళ బట్టల వాసన. రోజూ పీల్చే వాసనే. కానీ అది ఫ్యాను వైపునుంచి రావడం లేదు. ఆమె వెనకనుంచి వస్తోంది.

ఎక్కడో నీళ్ళ చుక్క పడింది. మళ్ళీ పడింది.

"ఎవరు?" అంది. ఆమె గొంతు ఆమెకే చిన్నగా వినిపించింది. "నన్ను చూసి ఎందుకు దాక్కుంటున్నావు? నేనేం చేశాను నిన్ను?"

ఆమె నేల మీద చతికిలబడింది. చేత్తో తడిమితే ఫ్యాను రెక్క తగిలింది. దాని వెనక, చెవికి చాలా దగ్గరగా, బిగబట్టి బిగబట్టి ఇక ఆపుకోలేక వదిలిన ఊపిరి...

"నిన్ను కాదు" అంది ఒక గొంతు. గుసగుస. "నీ వెనకాల నిలబడిందే... అది వెళ్ళిందా?"

ఆమె వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయింది.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని లెక్క అప్పుడు గుర్తొచ్చింది. పదకొండు రోజుల క్రితం, ఆఖరి ట్రిప్పు, పట్టపగలే కుండపోత వాన. ఫుట్‌బోర్డు మీద నిలబడి చూసింది. ముప్ఫై ఒక్క తలలు. టికెట్లు ముప్ఫై. బస్సాపింది. ఒక్కొక్కరినీ అడిగింది. అందరి చేతుల్లోనూ టికెట్లున్నాయి. మళ్ళీ తలలు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. డ్రైవరు విసుక్కున్నాడు, జనం తిట్టారు, బస్సు కదిలింది. డిపోలో దిగేటప్పుడు ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ దింపింది. దిగింది ముప్ఫైమందే. బస్సులో ఎవరూ మిగల్లేదు. సీట్ల కిందకూడా చూసింది. కిటికీలన్నీ మూసింది. ఆ తర్వాత ఇంటికొచ్చేసింది.

ఒంటరిగా వచ్చాననే అనుకుంది.

*

బయటికొచ్చేసరికి ఆమె ముఖం చూసి భర్త మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె తాగలేదు. ఊపిరి లెక్కేసే మిషన్ వైపు చూసింది. ఊపిరి పీల్చనిదాన్ని ఇది లెక్కపెట్టదు. దాన్ని పట్టుకున్నవి ఇప్పటిదాకా రెండే... బస్సులో తన కళ్ళు, ఇంట్లో ఈ ముసలావిడ పొరల కళ్ళు. నిన్న గుమ్మం దగ్గర "ఇద్దరూ" అన్న తలుపులాయనకి ఆ నిమిషంలో ఏం కనిపించిందో ఆయనకే తెలియదు.

"ఏమండీ, నేను చెప్పేది వినండి. ఎందుకని అడగకండి."

"ఇప్పుడు కొత్తగా అడుగుతానా?"

"మీరూ అత్తయ్యా ఆ గదిలోకెళ్ళండి. మిషన్ తీసుకెళ్ళండి. తలుపు దగ్గరికి వేసుకోండి, సందుల్లో గుడ్డ పెట్టండి. గడియ మాత్రం వేయకండి. ఏదైనా అయితే మీరు బయటికి పరిగెత్తగలగాలి. నేను బస్టాపుకెళ్తున్నా. అక్కడినుంచి ఫోన్ చేస్తాను, అంకె చెప్పండి."

"ఇద్దరమైతే రెండు వస్తుంది, అదేగా?"

"మూడు రావాలి" అంది ఆమె. "మూడొస్తే అది నాతో వచ్చేసినట్టు. నేను దాన్ని దాని బస్సెక్కించి వస్తాను. వచ్చాక తలుపులాయనకి వద్దని చెప్పేద్దాం. మనకే గదీ అక్కర్లేదు."

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ భార్య ఆయన్ని ఇలా బతిమాలడం ఇదే మొదటిసారి. తల్లిని రెక్క పట్టుకుని నెమ్మదిగా లోపలికి తీసుకెళ్ళాడు. ఆవిడ గడప దగ్గర ఆగి, "అమ్మాయ్, జాగ్రత్తే" అంది. ఎన్నడూ అనని మాట.

తలుపు దగ్గరికి పడింది. కండక్టరమ్మ కాసేపు హాలు మధ్య నిలబడింది. వెనక్కి చూడకుండా, డిపోలో పిలిచినట్టే పిలిచింది.

"రా. దిగాలి. నీ స్టాపొచ్చింది."

వీధిలో ఇంకా వెలుతురుంది. టైపిస్టు ఇంటి కిటికీలకి కొత్త ఊచలు. ఆమె తిన్నగా నడిచింది. తన అడుగుల చప్పుడు లెక్కపెట్టింది. తనవే. ఇంకొకటి వినిపించలేదు. వినిపించదని ఆమెకి తెలుసు. తడిబట్టల వాసన కోసం ముక్కు ఎగబీల్చింది. డీజిల్ పొగ, దుమ్ము. అంతే. అది మంచిదో కాదో తేల్చుకోలేకపోయింది.

బస్టాపులో ఎవరూ లేరు. ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"పది నిమిషాలైంది" అన్నాడు, గుసగుసగా. చీకట్లో గొంతులు వాటంతటవే తగ్గిపోతాయి. "ఇప్పుడే కొట్టింది."

"ఎంత?"

"రెండు. రెండుసార్లూ రెండే." ఆయన గొంతులో నవ్వు. "మేమిద్దరమే! మూడూ లేదు, పాడూ లేదు. నీ అనుమానం తగలెయ్య, ఇక ఇంటికి రా."

ఆమె ఇంటివైపు తిరిగింది. రెండు. అంటే ఫ్యాను వెనకది ఇంకా ఊపిరి బిగబట్టే ఉంది.

"ఏమండీ..." అంది. "తలుపు తీయండి. అత్తయ్యని తీసుకుని బయటికి రండి. ఇప్పుడే. నడవండి!"

"అరె, ఎందుకలా అరుస్తావు..."

ఆయన వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. మామూలుగా, కాస్త విసుగ్గా. "ఇద్దరమేంట్రా? నీ పెళ్ళాన్ని లెక్కపెట్టవా? ఇందాకట్నుంచి తలుపుకి ఆనుకుని నిలబడే ఉందిగా. దీని బట్టలేమిట్రా ఇలా కారుతున్నాయి?"

ఫోన్లో ఎక్కడో నీళ్ళ చుక్క పడింది.

తర్వాత ఆ చప్పుడు వినిపించింది. ఠక్. పొడిగా, ఒక్కటే.

"అమ్మా... గడియ నువ్వేశావా?" అన్నాడు భర్త.

ఆమె అప్పటికే పరిగెత్తుతోంది, ఫోన్ చెవికి ఆనించుకునే. చెప్పు తెగింది. వెనక ఏదో బస్సు హారన్ కొట్టింది. టైపిస్టు ఇల్లు దాటింది. ఫోన్లో ఆయన "అమ్మా... అమ్మా" అంటున్నాడు. తన ఇంటి గేటు మీద చెయ్యి వేసేసరికి ఫోన్లో మిషన్ కీచుమంది.

"ఏమేవ్" అన్నాడాయన. వినీ వినపడనంత మెల్లగా. "ఇప్పుడు ఒకటి అంటోంది."